గేర్లు లేని దీవి

ఆ ఊళ్ళో సైకిలు అద్దెకు తీసుకుని నాలుగు రోజుల యాత్రకు బయల్దేరే ప్రతి మనిషి జేబులోనూ ఒక కాగితం ఉంటుంది. మొదటి రెండు రోజులు సముద్రం పక్క రోడ్డు, మూడో రోజు ఏడాదిలో ఎనిమిది నెలలు వాన కురిసే అడవి, నాలుగో రోజు లాంచీలో సైకిళ్ళు ఎక్కించుకుని అవతలి దీవి. ఎక్కడ తిరగాలి, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయి, ఏ మలుపులో కుక్క తరుముతుంది, ఏ ఇంటావిడ అడక్కుండానే కుర్చీ వేస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితం రాసేది కండక్టరమ్మ.

ఆవిడకు పేరు లేక కాదు. ఇరవై రెండేళ్ళు అదే రోడ్డు మీద బస్సులో టికెట్లు కొట్టిన మనిషిని పేరు పెట్టి పిలవాలని ఎవరికీ తోచలేదు, అంతే. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్న మూడో వారానికే ఆవిడ భర్తకు తలప్రాణం తోకకొచ్చింది. ఆయన దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను. గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళనూ ఆవిడ "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటూ గోడకు నిలబెడుతుంటే, కొలతలిద్దామని వచ్చినవాళ్ళు హడలిపోయేవారు. చివరికి ఆయనే తమ్ముడి సైకిలు షాపుకి వెళ్ళి, "ఒరేయ్, మీ వదినకి ఏదైనా పని చూపించరా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు.

ఆ తమ్ముడికి అప్పటికే దారి కాగితాలు రాసే మనిషి కావాలి. షాపు రెండు షట్టర్ల వెడల్పు. పైకప్పు కొక్కేలకు సైకిళ్ళు తలకిందులుగా వేలాడుతుంటాయి. లోపలంతా పంక్చరు జిగురు వాసన. కిటికీ దగ్గర ఒక బల్ల ఖాళీ చేసి, "కూర్చో వదినా, ఈ రోడ్డు నీకు కొట్టినపిండి కదా" అన్నాడు మరిది. కూర్చుంది. ఆరేళ్ళుగా అక్కడే కూర్చుంది.

ఆవిడ పద్ధతే వేరు. ఎత్తుపల్లాల్ని ఎవరైనా మీటర్లలో చెబుతారు, ఆవిడ బస్సు గేర్లలో చెప్పేది. చదునుగా ఉంటే నాలుగో గేరు దారి. కాస్త ఎత్తయితే మూడో గేరు. డ్రైవరు పళ్ళు బిగించి, బస్సు ఏనుగులా ఘీంకరించి ఎక్కే చోటు ఫస్టు గేరు. ఎక్కడ ఏ గేరు మారేదో ఆవిడ చెవుల్లో ఉంది, కళ్ళు మూసుకుని చెప్పగలదు. తేడా వస్తుందేమోనని ఏడాదికోసారి అదే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని మళ్ళీ సరిచూసుకునేది. సైకిలు తొక్కేవాళ్ళు మొదట నవ్వేవారు. ఒకరోజు తొక్కాక నవ్వు మానేసి, "ఇంకెన్ని ఫస్టు గేర్లున్నాయి?" అని దిగులుగా కాగితం తిరగేసేవారు.

ఇంత ఘనమైన కండక్టరమ్మకు సైకిలు తొక్కడం రాదు.

అవును, అస్సలు రాదు. చిన్నప్పుడు ఇంట్లో ఒక్క సైకిలుకు ముగ్గురు అన్నలు. ఆవిడ వంతు వచ్చేసరికి సైకిలు పాత ఇనుమయింది. తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి. షాపులో చేరినప్పుడు మరిది అడగలేదు, ఈవిడ చెప్పలేదు. సంగతి తెలిసింది భర్త ఒక్కడికే. "అడిగితే చెప్పనా ఏంటి?" అని ఆయన దగ్గర దబాయించేది గానీ, ఎవరైనా సైకిలు తోసుకుంటూ తన బల్ల వైపు వస్తే చాలు, కలం చేతిలోకి తీసుకుని తెగ పని ఉన్నట్టు కనబడేది.

దీవి యాత్రలో చేరింది ఈ మధ్యనే. కాగితం రాయడానికి కండక్టరమ్మ లాంచీ ఎక్కి వెళ్ళింది. తీరా చూస్తే దీవిలో బస్సే లేదు. ఉన్నవల్లా బ్యాటరీ ఆటోలు. భోజనం చేసి, ఒక ఆటో మాట్లాడుకుని దీవి చుట్టూ తిరిగింది. చప్పుడు లేదు, కుదుపు లేదు, గేరు అసలే లేదు. పక్క నుంచి సముద్రపు గాలికి కునుకు పట్టింది. మధ్యలో బండి బాగా నెమ్మదించింది, ఆటో అబ్బాయి మర్యాదస్తుడు, సముద్రం చూపిస్తున్నాడనుకుంది. ఆ కునుకులోనే కాగితం పూర్తయింది. 'దీవి చుట్టూ నాలుగో గేరే. హాయిగా పాడుకుంటూ వెళ్ళొచ్చు' అని రాసింది.

ఆ కాగితం పట్టుకుని మొదట వెళ్ళింది లెక్కల టీచరు బృందం. ఆవిడ బడి నుంచి రిటైరై రెండేళ్ళయింది. ఏడుగురు స్నేహితుల్ని వెంటేసుకుని ఏటా ఎక్కడికో అక్కడికి సైకిలు మీద వెళుతుంది. అయిదో రోజు పొద్దున్నే షాపులోకి వచ్చి, మోచేతి దాకా కమిలిన చేత్తో కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇది రాసింది మీరేనా అమ్మా?"

"నేనేనండీ."

"పాడుకుంటూ వెళ్ళొచ్చు అని రాశారు. మాలో ఒకాయన ఏడుస్తూ వెళ్ళాడు. దారి నడుమ పెద్ద కొండుంది. పదకొండు మలుపులు. ఒక్కొక్క మలుపూ గోడలా ఉంది. సాయంత్రం లాంచీ తప్పిపోయి చేపల షెడ్డులో పడుకున్నాం."

కండక్టరమ్మ నిలువునా నీరైపోయింది.

"ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పండి," అంది టీచరు, తప్పు లెక్క చేసిన పిల్లని అడిగినట్టే. "ఆ దారిలో మీరు సైకిలు తొక్కారా?"

ఆరేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఇంకెవరైనా అయితే నీళ్ళు నమిలేవారు. కండక్టరమ్మకు అబద్ధమాడే అలవాటు లేదు. "నాకసలు సైకిలు తొక్కడమే రాదండీ" అంది.

వెనకాల మరిది చేతిలోని స్పానరు కింద పడింది. టీచరు తిట్టలేదు, అదే ఇంకా కష్టమనిపించింది. "మీ మిగతా కాగితమంతా బంగారం. ఆ కుర్చీ వేసే ఇంటావిడ మాకు కుర్చీలు వేసింది కూడా. మూడు నెలల్లో మా రెండో బృందాన్ని తీసుకొస్తాను. అప్పటికి దీవి కాగితం మాత్రం తొక్కినవాళ్ళు రాసింది కావాలి. లేకపోతే వేరే షాపు చూసుకుంటాం" అని వెళ్ళిపోయింది.

మరిది చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "వదినా, నువ్వు... నిజంగానేనా?"

"నిజంగానే."

"ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"ఏం పోయేదో నీకేం తెలుసు? నవ్వేవాళ్ళు."

అతనికి నిజంగానే నవ్వొచ్చింది, వదిన మొహం చూసి మింగేశాడు. కానీ షాపు నడవాలి. దీవి కాగితం మెకానిక్కు చేత రాయించాడు. మెకానిక్కు వెళ్ళి, తొక్కి, వచ్చి రాసింది మొత్తం ఇంతే: 'నేరుగా పోవాలి. ఎత్తు ఉంది. తర్వాత దిగుడు.' మరిది ఆ మూడు ముక్కలూ రెండుసార్లు చదివి, మెల్లగా అన్నాడు: "ఇదే ఉంచుదాం వదినా. మిగతా దారులకి కూడా, ఈసారి నుంచి తొక్కేవాళ్ళెవరినైనా చూస్తాను. నువ్వు కౌంటరు చూసుకో."

కౌంటరులో కూర్చోవడం పనే, కాదనడం లేదు. కానీ కండక్టరమ్మకు ఆ కాగితమే ప్రాణం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తన మాట నమ్మి అడవిలోకి వెళ్ళి, క్షేమంగా తిరిగొస్తున్నారంటే ఆవిడకు బస్సు ఇంకా నడుస్తున్నట్టే ఉండేది. ఆ రాత్రి అన్నం సహించలేదు. పొద్దున లేవగానే భర్త మిషను ముందు నిలబడి, "ఏవండీ, నాకు సైకిలు నేర్పండి" అంది.

ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ, "యాభై రెండేళ్ళొచ్చాయే నీకు" అన్నాడు.

"మీకు యాభై ఎనిమిది. వెనకాల పరిగెత్తాల్సింది మీరు. నా సంగతి కాదు, మీ సంగతి చూసుకోండి."

పాత బస్సు డిపో వెనక ఖాళీ స్థలంలో ఆదివారం పాఠం మొదలైంది. ఆవిడతో పదిహేనేళ్ళు బండి నడిపిన డ్రైవరన్నయ్య కూడా ఎలా పసిగట్టాడో ఏమో, కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. భర్త క్యారియరు పట్టుకున్నాడు. డ్రైవరన్నయ్య "రైట్ రైట్!" అని అరిచాడు. బండి కదిలింది. పది గజాల్లో గోడ ఎదురైంది. బ్రేకు అనేది చేతిలోనే ఉందని మరిచిపోయి, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ కండక్టరమ్మ గట్టిగా "హోల్డాన్!" అని కేకేసింది. సైకిలు హోల్డాన్ అంటే ఆగుతుందా? గోడ ఆపింది.

డ్రైవరన్నయ్య నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. "చెల్లాయ్, ఇక్కడ డ్రైవరూ నువ్వే, కండక్టరూ నువ్వే!"

ఇంకో చిక్కు ఉంది. కండక్టరు నడుము ఎప్పుడూ ఏదో ఒక సీటుకి ఆనుకునే ఉంటుంది. సైకిలు మీద ఆనుకోవడానికి ఏముంది? ఆవిడ భర్త వైపు ఒరిగేది. ఆయన పాపం ఒక చేత్తో సైకిలునీ, ఇంకో చేత్తో భార్యనీ మోస్తూ పరిగెత్తేవాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. మడమ వాచింది. అయిదో ఆదివారం ఆయన ఆయాసంతో మధ్యలోనే ఆగిపోయి నడుం పట్టుకున్నాడు. ఆవిడ ఆగలేదు. వెనక ఎవరూ లేరని తెలియక, "గట్టిగా పట్టుకోండి, వదలకండి" అని ఆయన్ని గదమాయిస్తూనే స్థలం చుట్టూ రెండుసార్లు తిరిగింది. మూడోసారి ఆయన ఎదురుగా కనిపించి చెయ్యి ఊపితే కెవ్వుమంది. కానీ పడలేదు.

పది వారాలు గడిచాక ఇద్దరూ యాత్రకు బయల్దేరారు. ఆవిడకు మరిది ఇచ్చిన గేర్ల సైకిలు, ఆయనకు తన పాత సైకిలు. రెండింటికీ ఆయన కుట్టిన క్యారియరు సంచులు.

మొదటి రోజే ఆవిడకు కోపం వచ్చింది. రోడ్డు మీద కాదు, తన మీదే. సముద్రం పక్క ముప్పై కిలోమీటర్లూ తన కాగితంలో నాలుగో గేరు దారి. మరి ఈ ఎదురుగాలి మాటేమిటి? బస్సు అద్దాల వెనక కూర్చున్న మనిషికి గాలేం తెలుస్తుంది! మధ్యాహ్నం దాకా తల వంచుకుని తొక్కుతూనే ఉంది. సైకిలు వాళ్ళు ఆరేళ్ళుగా మర్యాదకి తనకీ మాట చెప్పలేదని అర్థమై సిగ్గేసింది. ఆగి రాసుకుంది: 'పొద్దున తొమ్మిది దాటితే గాలి మొహం మీదే. ఆరింటికే బయల్దేరండి.'

అడవిలో ఇంకో పాఠం. చెట్ల నీడన రోడ్డు ఎప్పుడూ ఆరదు. మలుపుల్లో నాచు. దిగుడులో బ్రేకు గట్టిగా నొక్కితే ఇంతే సంగతులు. ఒకచోట నీళ్ళు తాగుదామని ఆగితే భర్త పిక్కకి జలగ పట్టింది, ఆయన గంతులేస్తుంటే ఈవిడకు నవ్వాగలేదు. ఆకుల మీద వాన చప్పుడు, ఎక్కడో ఒక పిట్ట అదే కూతని పదే పదే కూయడం. వేలసార్లు వచ్చిన దారే. బస్సు మోతలో ఇవేవీ ఒక్కనాడూ వినలేదు. "ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదేమండీ!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వానలో కలిసిపోయాయి.

నాలుగో రోజు దీవి. కొండ కింద నిలబడి ఆవిడ పైకి చూసింది. ఈ కొండెక్కుతూ తను కునుకు తీసిందా! మొదటి మలుపులోనే భర్త దిగిపోయాడు. "నువ్వు పద, నేను చూస్తూ వస్తా" అన్నాడు. ఆవిడ దిగలేదు. ఇరవై రెండేళ్ళు ఊగే బస్సులో నిలబడ్డ కాళ్ళు అవి, మనిషి కంటే మొండివి. రెండు, మూడు, నాలుగు. ఊపిరి కొలిమి తిత్తిలా ఆడింది. అయిదు. ఆరో మలుపులో రోడ్డు నిటారుగా లేచింది. ఏడో మలుపు మొదట్లో సైకిలు ఆగిపోయింది. కాలు నేల మీద పెట్టింది.

మిగతా అయిదు మలుపులూ తోసుకుంటూ ఎక్కింది. పైన రాయి మీద కూర్చుని, భర్త వచ్చేలోగా కాగితం తీసింది. ఏం రాయాలో ఆలోచించింది. ఆవిడ తొక్కి చేరలేదు కదా. తొక్కినవాళ్ళు రాసిందే కావాలని టీచరు అంది. చివరికి ఉన్నదున్నట్టు రాసింది: 'ఆరో మలుపు దాకా ఫస్టు గేరు. ఏడో మలుపుకి బస్సుల్లో గేరు లేదు. ఇక్కడ దిగి నడవండి. నేనూ దిగాను.'

మరిది ఆ కాగితం చదివి, అచ్చుకి పంపాడు. "టీచరుగారు ఒప్పుకుంటే బల్ల నీదే వదినా" అని మాత్రం అన్నాడు. టీచరు బృందం వచ్చింది, కాగితాలు తీసుకుని వెళ్ళింది. ఆ నాలుగు రోజులూ కండక్టరమ్మ కౌంటరులో కూర్చుని, ఒకరికి ఇచ్చిన సైకిలే ఇంకొకరికీ రాసి, మెకానిక్కుని అయినదానికీ కానిదానికీ కసిరి, షాపంతా హడలగొట్టింది.

అయిదో రోజు టీచరు వచ్చింది. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది. చెమటకు తడిసి ఆరిన కాగితం. దీవి దగ్గర ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి ఉంది. కండక్టరమ్మ ఆ ఎర్ర చుట్టు చూసి సగం చచ్చిపోయింది.

"ఇక్కడ తప్పుందమ్మా."

"ఏడో మలుపేనండీ. ఒట్టు, లెక్కపెట్టుకుంటూ ఎక్కాను."

"మలుపు లెక్క సరిగ్గానే ఉంది." టీచరు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముప్పై ఏళ్ళుగా సైకిలు తొక్కుతున్నాను. నాలుగో మలుపులో దిగిపోయాను. ఈసారి నాతో వచ్చిన ఎనిమిదిమందీ అంతకు ముందే దిగారు. ఏడు దాకా ఎవరెక్కుతారమ్మా?"

మరిది స్పానరు పక్కన పెట్టి వదిన వైపు చూశాడు. ఆవిడ కాగితం తన వైపు తిప్పుకుని, కలం మూత తీసి, మొహం మీదికొస్తున్న నవ్వుని ఆపుకోలేక తల వంచుకుంది.

"నాలుగు అని కూడా రాస్తానండీ," అంది. "కానీ ఏడు కొట్టెయ్యను."