తూనీగకు మా ఆవిడ పేరు

మా బావమరిది రమణ రాయపూర్ రైల్వే కాలనీ నుంచి పంపిన ఒక్క ఫోటో వల్ల ఈ ప్రయాణం పడింది. నీలం తూనీగ, నడుముకు రెండు పక్కలా నల్లటి మచ్చలు. ముప్పై ఏళ్ళు బడిలో జంతువుల వర్గీకరణ బోర్డు మీద గీసి, ఒక్క చీమనైనా కొత్తగా కనిపెట్టని నాకు నిద్ర పట్టలేదు. ఆర్థెట్రమ్ అనే తూనీగల బృందం గురించి నా దగ్గరున్న పాత పుస్తకంలో ఇలాంటిది లేదు. కొత్త జాతైతే మా ఆవిడ సత్యవతి పేరు పెడతానని మాటిచ్చాను. శాస్త్రం ప్రకారం చివర తోక తగిలించి 'సత్యవతియే' అన్నాను. తోకకు అలిగింది గానీ, సాయంత్రానికల్లా అక్కచెల్లెళ్ళందరికీ ఫోన్లు చేసేసింది.

అక్టోబరులో ఒక ఉదయం ఏడింటికి విజయనగరంలో బండెక్కాం. పార్వతీపురం దాటేసరికి పులిహోర అయిపోయింది. ఎదుటి సీటు పెద్దాయన నా వల చూసి, "చేపలకా?" అన్నాడు. తూనీగలకన్నాను. ఆయన టిట్లాగఢ్‌లో దిగేదాకా తన టిఫిన్ డబ్బా ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

సాయంత్రం ఏడు దాటాక రాయపూర్ చేరాం. రమణ ఆటోతో వచ్చాడు. "కాలనీ మొత్తం మిఠాయి పంచేశాను బావా! అక్క పేరు కితాబ్‌లో వస్తాది గదా!"

మర్నాడు అటుకుల పోహా, జిలేబీ తిని ధమ్తరీ బస్సులో ముగ్గురం అభన్‌పూర్‌లో దిగాం. రమణ ఫోటో తీసింది ఊరవతల, వరి మడుల పక్క నీటిగుంట దగ్గర. పదకొండింటికల్లా నోట్‌బుక్కులో మూడు జాతులు రాసేశాను: పసుపుది, నీలంది, మచ్చల నీలంది. మూడోదాని ఎదురుగా సత్యవతి పేరు.

గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్న సత్యవతి ఒక తూనీగల జంటనే చూస్తోంది. అవి విడిపోగానే పిలిచింది. "ఏమండీ, ఇందాక మగదానికి మచ్చల్లేవు. ఆడది కాళ్ళతో పట్టుకున్న చోటే నీలం రాలింది."

ఒకదాన్ని వలేసి పట్టి బొటనవేలితో మెల్లగా రాశాను. నీలం బూడిదలా వేలికి అంటుకుంది. కింద నలుపు. సగం నీలం తిరిగిన పసుపుది కూడా దొరికింది. నా మూడు జాతులూ ఒకటే. పసుపుది కుర్రాడు, నీలంది పెళ్ళికొడుకు, మచ్చలది సంసారి.

"ఇక్కడెవడు చూశాడు బావా? చుప్‌చాప్ కొత్త జాతని రాసి పంపించేయ్. అక్క నామ్ పక్కా!" అన్నాడు రమణ.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. సత్యవతి గొడుగు మూసింది. "నా పేరెట్టి అబద్ధం రాయకండి" అంది. అంతమందికీ మళ్ళీ ఫోన్లు చేయాల్సింది తనే. నాకు సిగ్గేసింది.

తిరుగు బండిలో మహాసముంద్ దాటాక అడిగింది. "ముప్పై ఏళ్ళు మీ నడుం పట్టుకునే స్కూటరెక్కాను. మీకొక్క మచ్చా పడలేదేం?"

రాయపూర్ వైపు వెళ్ళేవారు వానలు వెళ్ళాక వెళ్ళండి, తూనీగలు బోలెడు. నా పాత పుస్తకాన్ని నమ్మకండి. మంచి కళ్ళున్నవాళ్ళను వెంట తీసుకెళ్ళండి.

ఆ బండిలోనే నోట్‌బుక్కు తీసి మూడు జాతులూ కొట్టేసి, 'ఒకటే జాతి, మచ్చలు ఆడదాని కాళ్ళవి' అని రాశాను. 'కనిపెట్టినవారు' అన్నచోట నా పేరు కొట్టేసి సత్యవతి అని రాశాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇంటిపేరు కూడా రాయండి" అంది.