ఖాళీగా ఇవ్వకూడని గిన్నె

తెనాలిలో రైలు దిగేసరికే నా కాళ్ళు నేల మీద లేవు. రేపల్లె నుంచి ఎంతో దూరం కాదు గానీ, కాలువ అవతలి పాతపేటలోకి నేనెప్పుడూ వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళ కిందట, నేను పుట్టకముందు, అమ్మానాన్నలు అద్దెకున్నది అక్కడే.

నా సంచిలో మూత పెట్టిన స్టీలు గిన్నె ఉంది. దాని మీద అప్పటి పక్కింటావిడ పేరు చెక్కి ఉంది. రంజాన్‌కి ఆవిడ అందులో సేమ్యా పంపింది. మర్నాడే నాన్నకి రేపల్లె బదిలీ అయి, సామానుతోపాటు ఆ గిన్నె కూడా లారీ ఎక్కేసింది. తీసుకెళ్ళి ఇద్దాం, ఇద్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. ఆ తర్వాత మొహం చెల్లక అమ్మ ఆ వీధి వైపే వెళ్ళలేదు. "ఎత్తుకుపోయాననుకుని ఉంటుందే," అని గిన్నె కనబడినప్పుడల్లా నొచ్చుకునేది. చివరికి విసుగొచ్చి, నేనిచ్చి వస్తానన్నాను. పక్కింటి గిన్నె ఖాళీగా తిప్పి ఇవ్వకూడదు కదా, అమ్మ దాని నిండా సున్నుండలు పెట్టింది. దారిలో తినొద్దని మూడుసార్లు చెప్పింది.

నేను తినలేదు. పంచాను.

వంతెన దిగగానే విగ్రహాలు చేసే షెడ్డు కనబడింది. తలల్లేని నాయకులు నలుగురు దండం పెడుతూ నిలబడ్డారు. వాళ్ళ తలలు బల్ల మీద ఆరుతున్నాయి. నవ్వాపుకోలేక లోపలికి దూరాను. "బాబాయిగారూ, మసీదు వీధి ఎటండీ?" అని అడిగితే, అక్కడి పెద్దాయన పని ఆపి చర్చి మలుపు దాకా వచ్చి మరీ చూపించాడు. అంత మంచాయనకి ఒక సున్నుండ ఇవ్వకపోతే ఎలా? చర్చిలో ఆరుగురు ఆడవాళ్ళు ఆదివారం పాటలు పాడుకుంటున్నారు. గిన్నె మీది పేరు చూపించగానే ఒకావిడ, "ఉన్నారండి, పచ్చ తలుపుల ఇల్లు. మా అమ్మాయికి కుట్టుపని నేర్పింది ఆవిడే," అంది. ఆవిడ ఇంకా ఉందన్న సంతోషంలో ఆరుగురికీ పెట్టాను. చర్చి గోడ పక్కనే అమ్మవారి గుడి, గుడి ఎదురుగా గాజుల కొట్టు. ఆ కొట్టాయన భార్యతో మార్వాడీలో మాట్లాడుతూ, మధ్యలోనే నాతో తెలుగులో బేరమాడేశాడు. ఆ వీధిలో ఎటు చూడాలో తెలియక నాకు పిచ్చెక్కిపోయింది. పూజారిగారికి, గాజులాయనకి, కాఫీపొడి ఆడించే అబ్బాయికి, అడిగినవాళ్ళకి, అడగనివాళ్ళకి పంచుకుంటూ పోయాను.

పచ్చ తలుపుల ముందు నిలబడి మూత తీస్తే ఒక్కటే మిగిలింది. తల కొట్టేసినంత పనైంది.

తలుపు తీసిన పెద్దావిడ కళ్ళజోడు సరిచేసుకుని, గిన్నె మీది అక్షరాలని వేలితో తడుముతూ చదువుకుంది. నేను ఎవరి కూతురినో చెప్పాను.

"మీ అమ్మ ఏదమ్మా?"

"రాలేదండి. గిన్నె ఎత్తుకుపోయిందని మీరనుకున్నారేమోనని మా అమ్మ భయం."

ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "గిన్నె ఎవరిక్కావాలి? నువ్వు కడుపులో ఉన్నావని, మీ అమ్మకి నోటికి ఏదీ సయించట్లేదని పంపాను ఆ సేమ్యా. పురుడు వచ్చిందో లేదో, తల్లీబిడ్డా ఎలా ఉన్నారో ముప్పై ఏళ్ళలో ఒక్క కబురు లేదు. నా కోపమంతా దానికే."

గిన్నె ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ ఉన్న ఒక్క సున్నుండని రెండు చేసి, సగం నా చేతిలో పెట్టింది. తర్వాత లోపలికెళ్ళి, సేమ్యా కాచి, అదే గిన్నెలో పోసి మూత బిగించింది.

"నీ దగ్గర తీసుకోను. మీ అమ్మనే తెచ్చి ఇవ్వమను. ఖాళీగా తెస్తే మాత్రం గుమ్మం ఎక్కనివ్వను."

రేపల్లెలో మళ్ళీ గిన్నెతో దిగిన నన్ను చూసి అమ్మ హడలిపోయింది. "ఏంటే, తీసుకోలేదా?" జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. మూత తీసి చెంచాడు నోట్లో పెట్టుకుంది. పురుడు మాట దగ్గర ఆగిపోయి, "నా కబురు కోసం ఎదురుచూసిందా," అని కళ్ళు తుడుచుకుంది. మిగతా సేమ్యా నాకు పెట్టి, గిన్నె తోమి బోర్లించింది. పొయ్యి వెలిగించి, మూకుడులో మినుములు పోసింది.

"రేపు పొద్దున్నే వెళ్దాం," అంది. "గిన్నె మాత్రం నేనే పట్టుకుంటా."