చప్పుళ్ల మావయ్య కారు

చప్పుళ్ల మావయ్యకు ఒకటే పిచ్చి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆయన చిన్న ఎస్‌యూవీలో, ఇంకెవరికీ వినపడని చప్పుళ్లు ఆయనకు వినపడతాయి. వీధంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది.

దారిలో ఎవరు నడుస్తూ కనబడినా బ్రేకు వేసేవాడు. "కాస్త ఎక్కి విను నాయనా, క్లచ్ మూలుగుతోందా, నా భ్రమా?" ఎక్కినవాడు చెవులు రిక్కించేవాడు. ఏమీ వినపడేది కాదు. ఈలోగా వాడి ఆఫీసు వచ్చేసేది. కూరల సంచులు మోసేవాళ్లకు ఏసీ ఈల, జ్వరపడ్డ దర్జీకి స్టీరింగు కిర్రు.

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నా మాట ఒక్కటీ చెవికెక్కలేదు గానీ, ఈ డొక్కు బండి గుసగుసలు ఎక్కుతాయి!" అనేది అత్తయ్య.

"నువ్వు ఉరుముతావే. అది పాపం గొణుగుతుంది."

వెనక సీటు కింద లొడలొడ మాత్రం నిజంగా అందరికీ వినపడేది. దాని గుట్టు తేల్చే పని పక్కింటి రిటైర్డు లెక్కల టీచరమ్మది. మోకాలి వ్యాయామానికి ఆస్పత్రికి వెళ్లే రోజుల్లో, కర్ర పట్టుకుని కారెక్కి, దారి పొడుగునా వినేది.

చివరికి విసుగెత్తి, మావయ్య లేనప్పుడు అత్తయ్య మెకానిక్‌ను ఇంటికి పిలిపించింది.

"ఈ రకం బళ్లకు మామూలు జబ్బులేనమ్మా. సస్పెన్షన్ అరుగుతుంది, ఏసీ అలుస్తుంది. అవన్నీ సార్ ఎప్పుడో చేయించారు. ఇంజను బంగారం. కళ్లు మూసుకుని నమ్మొచ్చు."

"మరి ఆ లొడలొడ?"

మెకానిక్ సీటు కింద చెయ్యి పెట్టి ఒక రేకు డబ్బా లాగాడు. లోపల రెండు బోల్టులు. "సారే పెట్టించుకున్నారు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నారు."

'దేవుడా, చెవులే అనుకున్నాను, బుర్ర కూడానా!' అనుకుని అత్తయ్య డబ్బాను వంటింటి అలమరలో పడేసింది.

మర్నాడు టీచరమ్మ గేటు దగ్గర నిలబడింది. మావయ్య కారు తీశాడు. చప్పుడు లేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"బాగైపోయిందన్నమాట," అంది టీచరమ్మ. "ఇక నాతో పనేముంది? ఒకరికి భారం కావడం నాకు నచ్చదు బాబూ. బస్సులో పోతాను."

కిందటి నెల బస్సు మెట్టు మీద జారిపడిన మనిషి! వాకిట్లో నిలబడ్డ అత్తయ్యకు అప్పుడు అన్ని చప్పుళ్లూ ఒక్కసారిగా వినపడ్డాయి. లోపలికి పరుగెత్తింది. చీర కొంగు చాటున ఏదో దాచుకుని వచ్చి వెనక సీట్లో చతికిలబడింది.

"ఎక్కండి టీచరుగారూ! చప్పుడు ఎక్కడికీ పోలేదు!"

కారు కదిలింది. లొడలొడ లొడలొడ.

ముందు సీట్లో టీచరమ్మ తల వంచి చాలాసేపు శ్రద్ధగా విన్నది.

"ఉంది, ఉంది. వచ్చే వారం కూడా వినాల్సిందే," అంది. తరవాత వెనక్కి తిరగకుండానే, "కాస్త మెల్లగా ఊపమ్మా. మీ ఆయన డబ్బా ఇంత గోల చేసేది కాదు."