వంటవాడే చంపాడని చెప్పాను

అరవైల చివర్లో మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ ఆడవాళ్ళకు ఇంగ్లీషు సినిమా అంటే తెర మీద బొమ్మ, పక్కన నా గొంతు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆదివారం మధ్యాహ్నం ఆట వేసేవారు. తెలుగు ఆడవాళ్ళ వరుస మధ్యలో ఇంగ్లీషు వచ్చిన పిల్ల ఒకతె కూర్చుని కథ తెలుగులో చెప్పాలి. అది మా ఆనవాయితీ. మెట్రిక్ ఇంగ్లీషు మీడియంలో పాసైన దగ్గర్నుంచి ఆ పని నాది. గర్వం కూడా బాగానే ఉండేది, దాచుకోవడం దేనికి.

మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నన్ను రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చూడాలని ఆయన పట్టుదల. ఆ ఉద్యోగానికి ఇంగ్లీషు గడగడా రావాలి. ఆయన ఫోర్‌మన్ ఒక ఆంగ్లో ఇండియన్ దొర, నాకు సిఫార్సు ఉత్తరం రాస్తానని మాటిచ్చాడు. మా అమ్మాయి సినిమా మొత్తం తెలుగులో చెప్పేస్తుందని నాన్న ఆయన దగ్గర తెగ కోతలు కోసేవాడు.

ఆ ఆదివారం వచ్చిన సినిమా అంతా మంచే. కొండల మధ్య ఒక చెక్క ఇల్లు, అందులో ఆరుగురు మగవాళ్ళు. ఒకరోజు పొద్దున్నే వాళ్ళలో ఒకడు కత్తిపోటుతో మంచులో పడి ఉన్నాడు. దారులన్నీ మూసుకుపోయాయి, బయటివాడు వచ్చే వీల్లేదు. కాబట్టి హంతకుడు మిగిలిన ఐదుగురిలోనే ఉన్నాడు. ఇంతవరకు నాకు బాగానే అర్థమైంది.

"ఆ మంచు తియ్యడానికి గ్యాంగుమేన్లు నేరేటి?" అని అడిగింది పక్క క్వార్టర్ పిన్ని.

"అక్కడ రైలే లేదు పిన్నీ" అన్నాను. ఆ మాటతో ఆవిడకు హంతకుడితో సహా ఐదుగురి మీదా జాలేసింది.

ఆ తర్వాత అసలు చిక్కు మొదలైంది. వాళ్ళంతా ముఖాలకు మఫ్లర్లు చుట్టుకుని, చలికి పళ్ళు బిగించి మాట్లాడుతున్నారు. పది మాటల్లో ఒకటి కూడా అందడం లేదు. "ఏటంటన్నాడే?" అని వరుసంతా నావైపు తిరిగింది. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. వాళ్ళలో గడ్డం పెంచిన వంటవాడొకడు ఉన్నాడు, చేతిలో ఎప్పుడూ కత్తే. వాడే చంపాడని తేల్చేశాను.

అక్కణ్ణుంచి ఆడవాళ్ళు వంటవాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆ ఐదుగురిలో ఒకడైన డాక్టరుకు వాడు సూపు వడ్డిస్తుంటే "తాగకురా నాయనా" అని పిన్ని తెరను బతిమాలింది. తీరా చివరి రీల్లో దారి తెరుచుకుని పోలీసులు వచ్చి డాక్టరు చేతులు కట్టేసి, వంటవాడి భుజం తట్టారు. నేను తడుముకోలేదు. పాపం డాక్టరు వంటవాడి నేరం తన నెత్తిన వేసుకున్నాడని చెప్పాను. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ ఆట ఫోర్‌మన్ కూడా చూశాడు. మర్నాడు వర్క్‌షాపులో ఆ మాటా ఈ మాటా మధ్య, డాక్టరే చంపాడని ఎవరనుకుంటారు అన్నాడట. కాదు, వంటవాడు, మా అమ్మాయి చెప్పిందని నాన్న వాదనకు దిగాడట. ఫోర్‌మన్ మొదటి నుంచి చివరిదాకా కథ విడమరిచి చెబుతుంటే షాపంతా నవ్వింది.

సాయంత్రం నాన్న సైకిలు స్టాండు వేసి, చేతులు కూడా కడుక్కోకుండా నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నీకు తెలిసిందా, తెల్దా?"

మఫ్లర్లు అడ్డొచ్చి సరిగ్గా వినపడలేదని నసిగాను.

"తెల్దని సెప్పడానికేటి? రేపు టెలిఫోన్లో అవతలోడు బండి ఆగిందన్నాడో ఎల్లిపోయిందన్నాడో నీకు ఇనపడనేదనుకో. అప్పుడూ ఇలాగే కత కడతావేటి? ఉత్తరం ఇప్పుడొద్దని సార్‌కి సెప్పేసినాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక పాడు సినిమా కోసం నా ఉద్యోగం కాలదన్నాడని రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అన్నది నిజమని నాకు తెలుసు. కోపం అందుకే ఇంకా ఎక్కువైంది.

నెల తిరిగేసరికి మరో ఇంగ్లీషు సినిమా వచ్చింది. రానంటే రానన్నాను. వంటవాడి సంగతి అప్పటికే సెటిల్‌మెంటంతా పాకింది. "ఈసారి ఎవుడ్ని ఉరి తీస్తావో సూద్దాం, రాయే" అని పిన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

సగం సినిమాలో ఒక లాయరు కోర్టులో గుక్కతిప్పుకోకుండా మాట్లాడాడు. "ఏటంటన్నాడే?" అంది పిన్ని.

"తెల్దు పిన్నీ. నాకు అర్థం కానేదు."

గొంతు నేననుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది. మగవాళ్ళ వరుసల్లో ఎవరో నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పోన్లే, తెలిసినకాడికి సెప్పు" అని పిన్ని తెర వైపు తిరిగింది. ఆట ముగిసేలోపు తెలియదన్న మాట మరో నాలుగుసార్లు అన్నాను.

నాన్న మగవాళ్ళ వరుసల్లోనే ఉన్నాడు. ఇంటికి వస్తూ సైకిలెక్కకుండా నా పక్కనే నడిపించుకొచ్చాడు.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి బయల్దేరే ముందు ఇస్త్రీ చొక్కా ఇమ్మని అమ్మను అడిగాడు. షాపుకు అదెందుకు, నూనె మరకలవుతాయి అంది అమ్మ.

"సార్‌ని ఉత్తరం అడగాల" అన్నాడు.