ఎండకు సాగిన కీబోర్డు

ఏడాదంతా ఇసకే కనిపించే పాలారు నిండుగా పారడం చూశానని నేను చెబితే గుడియాత్తంలో ఎవరూ నమ్మరు. తప్పు నాదే. ఆ ఏట్లో నాకొక చేప దొరికిందనీ, అది ట్రాన్సిస్టరు మింగి ఉండడంతో కోసేదాకా కడుపులోంచి వార్తలు చదువుతూనే ఉందనీ ఒకప్పుడు చెప్పి ఉన్నాను. తర్వాత నిజంగానే వరద వచ్చింది. విరించిపురం దగ్గర ఒడ్డులొరుసుకుంటూ పారుతుంటే బస్సు కిటికీలోంచి కళ్లారా చూసి, ఇంటికొచ్చి చెప్పాను.

"ఈసారి చేప టీవీ మింగినాదా?" అన్నాడు మా ఆయన.

నా మాటకు ఊళ్లో ఉన్న విలువ అది. అలాంటి మాట మీద పోయిన క్రిస్మస్‌కు మా అత్త గొంతు ఆధారపడింది.

మా అత్త అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేసి మానేసిన మనిషి. చర్చి పాటల బృందంలో ఆవిడది పై గొంతు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ముందు వరుసలో ఎడమ చివర నిలబడుతుంది. ఇంట్లో ఆ చోటికున్న గౌరవం నాకు లేదు.

బృందాన్ని నడిపే మాస్టారు కాట్పాడిలో రైలు పట్టాల పని చూసి రిటైరైనాయన. పోయిన ఏడు ఆయనకో ముచ్చట పుట్టింది. బరోక్ కాలపు బృందగానం, మూడు వందల ఏళ్ల నాటిది, రికార్డింగు నాతో సహా బృందంలో అందరి ఫోన్లకూ పంపి, విని నేర్చుకోమన్నారు. మాటలు లాటిన్. మాలో సగం మందికి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు కనుక ఆ లాటిన్‌ను తమిళ అక్షరాల్లో రాసుకున్నాం.

అది వింటే కూర్చోబుద్ధి కాదు. ఒకపక్క బూరలు, ఒకపక్క పెద్ద డోళ్లు, మధ్యలో గొంతులు ఒకదాన్నొకటి తరుముకుంటూ పైకెక్కుతాయి. దేవుణ్ణి పొగడడానికి బయల్దేరినవాళ్లకు ఆఖరి బస్సులో సీటు దొరికినంత సంతోషం. అత్త పొద్దున్నే దోసెలు పోస్తూ దాంతో కలిసి పాడేది. చివర్లో అన్నిటికన్నా పైనున్న స్వరం ఒకటి వస్తుంది. దాన్ని గరిటె పైకెత్తి అందుకునేది. ఒక్కనాడూ తప్పలేదు. దోసె మాత్రం మాడేది.

అదే స్వరం దగ్గర, చర్చిలో మాస్టారి కీబోర్డుతో పాడినప్పుడు ఆవిడ గొంతు చీలిపోయింది. మరుసటి వారం మళ్లీ అంతే. పైగా దేవుడి పాటంటే తల వంచుకుని నడవాలని మాస్టారి నమ్మకం. పరిగెత్తే పాటను పాడె వెనక నడిపించినట్టు నడిపించేవారు. ఊపిరి ఎవరికి చాలుతుంది?

"అక్కా, ఈసారికి కింది గొంతులతో వెనక వరసలో నిలబడు. వయసు కదా," అన్నారు మెత్తగా.

అత్త ఇంటికొచ్చి, పండక్కి కొన్న తెల్లచీరను మడత విప్పకుండా బీరువాలో పెట్టేసింది. "నా గొంతు పోయినాది. ఇంగ పాటా వొద్దు, ఏమీ వొద్దు."

"ఇంట్లో బాగా వస్తాండాది కదత్తా?"

"ఇంట్లో దోసెలు వింటాయి. ఆడ మనుషులు వింటారు."

నాకు అనుమానం వచ్చింది. నా ఫోన్లో రికార్డింగు పెట్టి, మా ఆయన ఫోన్లో కీబోర్డు బొమ్మ తెరిచి రెండూ పోల్చాను. మాస్టారు వాయించే స్వరం కాదు, దాని పక్కనే అర మెట్టు కిందున్నది కలిసింది. వేలూరులో బట్టల కొట్టు పనికి పోతూ, బస్సులో ఆ రికార్డింగు గురించి రాసిన వివరణ చదివాను. పాత పద్ధతిలో వాద్యాలను ఇప్పటికన్నా కిందికి శ్రుతి చేసి పాడారట. అంటే అత్త గొంతు ఎక్కడికీ పోలేదు. కీబోర్డే అర మెట్టు పైన కూర్చుంది.

సాయంత్రం అభ్యాసంలో మాస్టారికి చెప్పాను, ఉప్పూ కారం కలపకుండా.

"అప్పట్లో శ్రుతి కిందుండేదా?" ఆయన నవ్వారు. "ఎవురు చెప్పినారమ్మా, నీ చేపా?"

బృందమంతా గొల్లుమంది. ఫోన్ చూపించబోతే, "ఫోన్లో ఏమన్నా రాస్తారు" అనేశారు.

నిజం చెల్లలేదు. సరే, నా దగ్గర వేరే సరుకుంది.

"మాస్టారూ, ఎండాకాలమంతా మీ కీబోర్డు యాడ ఉండింది?"

"ఈడే, రేకుల కింద."

"అట్ల చెప్పండి! వేలూరు ఎండకి పట్టాలే సాగుతాయి. మీకు నేను చెప్పాల్నా?"

ఆయన నవ్వు ఆగింది. కీబోర్డును ఆ చివర నుంచి ఈ చివర దాకా చేత్తో నిమిరారు. "పట్టాకీ పట్టాకీ నడమ సందు వదల్లేదంటే పాము మాదిరి వంకర పోతాది. ఇనుమే అట్లయితే, ప్లాస్టిక్కు ఇంగా సాగుతాది."

ఆ చివరి మాట నాది కాదు, పూర్తిగా ఆయనదే.

"అర మెట్టు పైకి సాగింటాది సార్. దించి చూడండి."

శ్రుతి మార్చే మీట ఒకసారి కిందికి నొక్కి, రికార్డింగుతో కలిపి వాయించారు. అచ్చంగా కలిసింది. "అడ కడవుళే!" అన్నారు, దేవుణ్ణి అరవంలో పిలిచి.

అత్తను రమ్మంటే మొండికేసింది. "ముసిల్దాని మీద జాలిపడి పాటను కిందికి దించినారా? నాకొద్దు."

"లేదత్తా, రికార్డింగే అట్ల ఉండాది."

"నీ మాట నమ్మాల్నా?"

"నా మాటొద్దు. నీ చెవిని నమ్ము."

మళ్లీ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, ఒకదాన్లో రికార్డింగూ, ఇంకోదాన్లో మాస్టారు దించిన స్వరమూ వినిపించాను. అత్త కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. "ఒకటే," అంది. లేచి వెళ్లి బీరువా తెరిచింది.

క్రిస్మస్ నాడు ముందు వరుసలో, ఎడమ చివరనే నిలబడింది. మాస్టారు ఎప్పటిలా పాడె నడకతో మొదలుపెట్టారు. అత్తకు ఆ పాట దోసెల వేగంతోనే వచ్చు. ఆవిడ ముందుకు పోయింది, పై గొంతులు ఆవిడ వెంట పోయాయి, కింది గొంతులు వాటి వెంటపడ్డాయి. కదిలిన రైలు వెంట పరిగెత్తినట్టు మాస్టారి వేళ్లు పరిగెత్తాయి. ఆ పై స్వరం వచ్చేసరికి అత్త కుడిచెయ్యి, గరిటె లేకుండానే, తనంతట తాను లేచింది. స్వరం నిండుగా నిలిచింది. మాడడానికి అక్కడ దోసె కూడా లేదు.

ఇప్పుడు మాస్టారు ఆర్కాటు దాకా వెళ్లి, కనిపించిన ప్రతి బృందానికీ కీబోర్డును ఎండలో పెట్టొద్దని చెబుతున్నారు. అసలు సంగతి మరోసారి చెప్పబోయాను.

"నీ కతలు నాకాడ వొద్దమ్మా," అన్నారు.

ఇది అత్తకు చెబితే దోసె తిప్పుతూ నవ్వింది. "ఈ ఎండాకాలం నన్నూ ఆ రేకుల కింద కూర్చోబెట్టు. ఇంగో అర మెట్టు సాగుతానేమో చూస్తాం."