మా అన్న ఆమ్‌స్టర్‌డామ్‌లో తిన్న అన్నం

మొన్న మా మనవరాలు ఆఫీసు పని మీద మూడు రోజులకు ఆమ్‌స్టర్‌డామ్ పోతూ, అక్కడ ఎక్కడ ఏం తినాలో కంప్యూటర్లోంచి తీసిన నాలుగు కాగితాలు తెచ్చి, చదువు పిచ్చి నీకే కదా చూడమని నా ఒళ్లో పెట్టింది. కళ్లద్దాలు తుడుచుకొని చదివాను. కాలువ వంతెన పక్కన బండి మీద ఉల్లిముక్కలద్ది అమ్మే పచ్చి ఉప్పుచేప, పళ్లెమంత అట్లు, గరిటె గుచ్చితే నిలబడేంత చిక్కని బఠాణీ పులుసు, జావా వాళ్ల అన్నం హోటలు. ఒక్కొక్కటి చదువుతుంటే ఎప్పటి చుట్టాలో వరసగా గడపలోకి వస్తున్నట్టనిపించింది. ఎందుకంటే ఇదే ఊరి గురించి ఇటువంటి కాగితమే అరవై ఏళ్ల కిందట నేను నా చేత్తో రాశాను.

అప్పటికి ఇంకా రెండో ప్రపంచ యుద్ధం మొదలు కాలేదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి కాపురానికి వచ్చి నాకు రెండేళ్లయింది. బడి గడప తొక్కిన దాన్ని కాను. బెల్లం పొట్లాల కాగితాలు విప్పి కూడబలుక్కుంటూ అక్షరాలు పట్టుకున్నాను. ఆడవాళ్లు గ్రంథాలయానికి పోయే రోజులు కావు కనుక మా ఆయనే కండువా కింద పెట్టుకొని పుస్తకాలు తెచ్చేవారు. వారానికి రెండు పూర్తి చేసేదాన్ని. అక్కడి పెద్దమనిషి మా ఆయన్నే గొప్ప పండితుడనుకునేవాడు, ఈయన కాదనేవారు కాదు. మీలో చాలామందికి ఆ వయసులో అటువంటి గర్వం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నాకు పుస్తకాల గర్వం ఉండేది, ఎవరు ఏ దేశం పేరెత్తినా అక్కడి నది పేరు చెప్పనిదే ఊరుకునేదాన్ని కాదు.

మా పెద్దన్న హైదరాబాదులో ఒక డాక్టరు సాబు దగ్గర వంటమనిషి. ఆ డాక్టరుకు కడుపు నెమ్మది లేక, వైద్యానికి సీమకు, అంటే ఇంగ్లండుకు పోతూ మా అన్నను కూడా ఓడ ఎక్కిస్తానన్నాడు. దారిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడు రోజుల మజిలీ ఉంది. అక్కడ డాక్టరు తన స్నేహితుని ఇంట్లో ఉంటాడు, అన్న ఎక్కడో ముసలామె నడిపే బసలో ఉండి తన తిండి తాను చూసుకోవాలి. ఈ మాట విన్నప్పటి నుంచి మా అవ్వకు, అంటే అమ్మకు, కంటి మీద కునుకు లేదు. ఎల్లారెడ్డిలో బస్సెక్కి, మామిడి తొక్కు జాడీ ఒళ్లో పెట్టుకొని మా ఇంటికి వచ్చింది.

“గన్ని బుక్కులు చదువుతవు గదనే బిడ్డా, నా కొడుక్కు గాడ బువ్వ యాడ దొరుకుతదో జెర చూసి చెప్పరాదు?”

మా ఆయన వెతికి వెతికి, అట్ట ఊడిపోయిన ఒక యాత్రా గ్రంథం తెచ్చారు. అందులో ఆ ఊరి భోజనాల మీద నాలుగు పేజీలున్నాయి. పొద్దున రొట్టె, చీజు ఎక్కడ, అట్లు ఏ వీధిలో, చేపల బండి ఏ వంతెన పక్కన, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసి అవ్వకు చదివి వినిపించాను. ఆ దేశం ఏలుబడిలో ఉన్న జావా దీవి వాళ్ల హోటల్లో అన్నం చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో ఇరవై కూరలు తెచ్చి వడ్డిస్తారని చదవగానే ఆమె చెయ్యెత్తి ఆపింది. “అగో, గా కాడికే మళ్ల చదువు” అని మూడుసార్లు చదివించుకొని జాడీ నాకప్పగించి నిమ్మళంగా ఊరికి పోయింది. అన్న బయలుదేరిన నాడు స్టేషన్లో ఆ జాడీ చేతికిచ్చి, కాగితం అంగీ జేబులో నేనే పెట్టాను. రైలు కదులుతుంటే ఆ ఊరు నేను కట్టించి అతన్ని పంపుతున్నంత సంబరం.

‘నువ్వు రాసిన తీరుగనే తిన్న, అవ్వను రంది పడొద్దను’ అని ఉత్తరం వచ్చింది. దాన్ని వాడకట్టంతా చదివి వినిపించాను.

ఏడాది తిరగకుండానే అన్న తిరిగొచ్చాడు. నేనూ ఎల్లారెడ్డి పోయాను. అవ్వ విస్తరి వేసి వడ్డించింది. రెండోసారి అన్నం తేగానే అన్న ఎప్పటిలాగే “చాలవ్వా, చాలు” అంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. మన ఇండ్లలో అదొక మర్యాద కదా. మొదటి చెయ్యి మొహమాటం, రెండోది మొహమాటమే, మూడోసారి అడ్డం పెడితే గాని వడ్డించేవాళ్లు నమ్మరు. అవ్వ గరిటె వెనక భాగంతో ఆ చేతిని పక్కకు నెట్టి అన్నం వేసింది. అంతే, అంత మనిషి విస్తరి ముందు కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పుడు చెప్పాడు నిజం. బసలో ముసలామె మంచిదేనట, నవ్వుతూ ఇంకా కావాలా అని సైగ చేసిందట. ఇతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె సరేనని గిన్నె తీసుకొని లోపలికి పోయింది. మళ్లీ వస్తుందని చూస్తూ కూర్చున్నాడు, రాలేదు. అట్ల దుకాణంలోనూ అంతే, ఒక్క అట్టు తిన్నాక రెండోదానికి వద్దన్నాడు, పళ్లెం ఎత్తేశారు. పచ్చి చేప గొంతు దిగలేదు. నోరు తెరిచి అడగడానికి సిగ్గు. తినేందుకు అన్నీ ఉన్న ఊళ్లో రెండు రోజులు తొక్కు నాకి నీళ్లు తాగి పడుకున్నాడు. మూడో నాడు వెతుక్కుంటూ జావా హోటలుకు పోయాడు. మారు అన్నానికి అలవాటుకొద్దీ మళ్లీ చెయ్యి అడ్డం పెట్టాడు. వడ్డించే జావా మనిషి ఒక్క క్షణం ఇతని మొహం చూసి, ఫక్కున నవ్వి, గరిటె వెనక భాగంతో ఆ చేతిని పక్కకు నెట్టి అన్నం వేశాడట.

“అచ్చం నీ తీరుగనే నెట్టిండవ్వా.”

అవ్వ గరిటె గిన్నెలో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. “బువ్వ యాడ దొరుకుతదో రాసిండ్రు గని, అడిగినప్పుడే ఊ అనాలెనని రాయలేదా బిడ్డా నీ బుక్కుల?” ఎత్తిపొడుపు లేని ఆ ప్రశ్నకే నాకు తల వాలిపోయింది. ఆనాటి నుంచి ఆమె పోయేదాకా, గంజి వార్చిన ప్రతిసారీ “ఆ జావా పిలగాని అవ్వ కడుపు సల్లగుండ” అనేది.

మనవరాలి కాగితం అంచున నేను పెన్సిలుతో ఒక్క ముక్క చేర్చాను, మొదటిసారి అడిగినప్పుడే కావాలను అని. అది చదివి నవ్వింది. “వద్దని ఎవరంటరు అమ్మమ్మా ఈ కాలంల?”

నిజమే. పోయిన వారం కామారెడ్డిలోనే దగ్గరి చుట్టాలింటికి పోయాను. కోడలు పిల్ల ఎంతో ఆదరంగా, తింటారా పెద్దమ్మా అని అడిగింది. ఆకలిగానే ఉంది. ఇప్పుడెందుకులే బిడ్డా అన్నాను. సరే పెద్దమ్మా అని నా పక్కనే కూర్చొని కబుర్లలో పడింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, నా మాటను మాటగానే తీసుకుంది. నేను మాత్రం లేచి వచ్చేదాకా మాట మాటకూ వంటింటి వైపే చూస్తూ కూర్చున్నాను.