తాత మీసానికి గునుగు రంగు

ఊరు మునిగితే వానను తిట్టుకోవచ్చు. ఇల్లు కాలితే దీపాన్ని తిట్టుకోవచ్చు. ఎల్లారెడ్డిలో మా ఇంటి మీద వచ్చి పడిన ఉపద్రవానికి మాత్రం వానా లేదు, దీపమూ లేదు. ఒక గిన్నెడు గులాబీ రంగు, ఒక బకెట్, ఆ రెంటి మధ్య పదేళ్ల నేను. ఆ దెబ్బకు ఒక పెద్దమనిషి పరువు పోయింది, మా బర్రె మీద నాకున్న నమ్మకం పోయింది, ఒక మనిషి మా ఇల్లు వదిలి పోయేదాకా వచ్చింది. చదువుతూ నవ్వితే నేనేమీ అనుకోను. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఆ పోబోయిన మనిషి మా చిన్నమ్మ. అమ్మ జ్వరంతో పోయిన రెండేళ్లకు, అంటే 2011లో, బాపు కామారెడ్డి నుంచి ఆమెను పెళ్లి చేసుకుని తెచ్చాడు. మారుతల్లి అంటే ఎట్లా ఉంటుందో నాకు బడిలో పిల్లలందరూ ముందే చెప్పిపెట్టారు. వాతలు పెడుతుందట, మాడిన రొట్టె పెడుతుందట. ఇంకొకతైతే భయపడి ఏడ్చేది. నాది పుట్టుకతోనే వింతలు చూసే బుద్ధి. ఎప్పుడు మొదలుపెడుతుందా అని కాచుకుని కూర్చున్నాను. కంచంలో జొన్నరొట్టె పడగానే తిరగేసి చూసేదాన్ని.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది చిన్నమ్మ.

"మాడిందేమోనని."

"మాడింది కావాల్నా? రేపు జేస్త తీయ్."

మరునాడు నిజంగానే ఒక రొట్టె కాస్త మాడ్చి పెట్టింది. కరకరలాడుతూ ఎంత బాగుందో! అడిగి చేయించుకున్న మాడు రొట్టె మారుతల్లి లెక్కలోకి వస్తుందో రాదో తెలియక ఆ పరీక్ష అక్కడితో ఆపేశాను.

రొట్టె సంగతి ఎట్లా ఉన్నా, నాకు గిట్టనిది ఇంకొకటుంది. ఆమె వచ్చాక ఇంట్లో వస్తువులన్నీ చోట్లు మారాయి. ఉప్పు జాడీ కింది నుంచి అరలోకి ఎక్కింది. చాపలు అర్రలో నుంచి దండెం మీదికి పోయాయి. ఆమెకు బీడీలు చేసే పని వచ్చు కాబట్టి తునికాకు, తంబాకు, చాట కూడా కొత్తగా వచ్చి చేరాయి. నేను మాత్రం ఈ మార్పులేవీ నా కంటికి కనబడనట్టే తిరిగేదాన్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

అంతలో బతుకమ్మ పండుగ వచ్చింది. మా దిక్కు ఆడబిడ్డలు బతుకమ్మకు పుట్టింటికి పోతారు. కొత్త పెళ్లికూతురైతే చెప్పనే అక్కర్లేదు. ఇక చిన్నమ్మ కామారెడ్డికి పోతుంది, మా అమ్మ పూలతో పేర్చినట్టే బతుకమ్మను నేనే పేరుస్తాను అని నా లెక్క. అది ఇంకొకరి చేతికి పోతే అమ్మది ఇంట్లో ఏమీ మిగలదని నా భయం.

ఆ ఏడు ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె, ఊరంతా గులాబీ జెండాలు. బడులు బంద్, బస్సులు బంద్. అయినా చిన్నమ్మ తమ్ముడు షేరింగ్ ఆటోలో వేలాడుకుంటూ వచ్చాడు. ఆయన చెప్పులు విప్పేలోపే చిన్నమ్మ చీరలు సంచిలో కుక్కి తెచ్చి గుమ్మంలో పెట్టాను.

"నడువు అక్కా, ఆటో ఎక్కువసేపు ఆగదట," అన్నాడాయన.

"నేను రాను తమ్మీ. గా ఆటోల మనిషి మీద మనిషి. నాకు కడుపుల తిప్పుతది."

"మరి గీ సంచి ఎవరు సదిరిండ్రు?"

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది బల్లి వైపు చూశాను. తమ్ముడు వచ్చిన ఆటోలోనే పోయాడు. నా పండుగ ఆశ కూడా అందులోనే పోయింది.

ఆ సాయంత్రం చిన్నమ్మ నా పక్కన కూర్చుని, "మీ అమ్మ బతుకమ్మకు అడుగు వరుస ఏం పూలు పేరుస్తుండె?" అని మెల్లగా అడిగింది.

"నాకెర్క లేదు," అన్నాను. అంత పచ్చి అబద్ధం నేను మళ్లీ ఆడలేదు. నాకు తెలుసు. అడుగున గులాబీ రంగు వేసిన గునుగు పూలు, వాటి మీద తంగేడు.

ఆమెకు చెప్పకుండా నేనే చేద్దామని, పొలం గట్ల మీద గునుగు తెంపుకొచ్చాను. మరునాడు పొద్దుగూకే వేళ కొట్టం వెనక గిన్నెలో గులాబీ రంగు కలిపి తెల్లటి కంకులన్నీ ముంచి తీశాను. పూలకంటే ముందు నా చేతులకే రంగు పట్టింది. ఇంకా గిన్నెడు రంగు మిగిలి ఉండగా నాయినమ్మ దగ్గు వినబడింది.

"మౌనికా! ఏం జేస్తున్నవే చీకట్ల?"

గిన్నె ఎక్కడ ఒలకబోయాలి? గోడ పక్కన గోనెపట్టా కప్పిన బకెట్ కనబడింది. అమ్మ ఉన్నప్పుడు బర్రె కుడితి అక్కడే ఉండేది. అప్పుడు నాకొక గొప్ప అనుమానం వచ్చింది. బర్రె గులాబీ కుడితి తాగితే గులాబీ పాలు ఇస్తుందా? పచ్చగడ్డి తిని తెల్లపాలు ఎందుకిస్తుందో కూడా ఇంతవరకు నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పట్టా ఎత్తి గిన్నె మొత్తం కుమ్మరించాను.

తెల్లారగానే పాలు పితికే నాయినమ్మ పక్కన గొంతు కూర్చున్నాను.

"పాలు తెల్లగనే ఉన్నయా?"

"తెల్లగుండక నల్లగుంటయా? నీకేం పుట్టిందే?"

తెల్లగానే ఉన్నాయి. బర్రె నన్ను మోసం చేసిందనుకుని తల తిప్పేసరికి, కొట్టం లోపల, బర్రె ముందర, అసలు కుడితి బకెట్ కనబడింది. దాన్ని చిన్నమ్మ ఎప్పుడో అక్కడికి మార్చిందట. గోడ పక్కన ఉన్నది ఆమె తునికాకు నానబెట్టిన బకెట్! నానితే గాని ఆకు మెత్తబడదు, మెత్తబడితే గాని బీడీ చుట్టరాదు.

అరుగు మీదికి ఉరికాను. అప్పటికే చాటలో బీడీలు సగం నిండాయి. మసక వెలుతురులో ఎరుపు తేలిన ఆకును చూసి, ఈసారి ఆకే అట్లా వచ్చిందనుకుందట చిన్నమ్మ. ఇప్పుడు తన వేళ్లను వెలుతురుకు పెట్టి చూసుకుంటోంది. గులాబీ. తర్వాత నా చేతుల వైపు చూసింది. ఏదో అనబోయి ఆగి, "మామ ఏడీ?" అంది.

తాత అప్పటికే చాటలో నుంచి రెండు బీడీలు తీసుకుని చాయ్ హోటల్‌కు పోయాడు. కార్ఖానా వాళ్లకంటే ముందు బీడీలు చూడాల్సిన బాధ్యత తనదేనని ఆయన నమ్మకం. పైగా ఆయనది పాలనురుగు లాంటి మీసం. దాన్ని దువ్వడానికి చిన్న దువ్వెన జేబులో పెట్టుకు తిరిగేవాడు.

కాసేపటికి వాకిట్లోకి ఉరుము వచ్చినట్టు వచ్చాడు. పెదవులు గులాబీ. మీసం గులాబీ.

"హోటల్ కాడ ఏమన్నరో ఎర్కేనా? జెండలు సాల్తలేవని మీసాలు గూడ గులాబీ జేసినవా పెద్దయ్యా అన్నరు! ఇంకొగడు, బతుకమ్మ ఆడవోతున్నవా అన్నడు!"

"నోరు తెరు!" అని నాయినమ్మ గడ్డం పట్టుకుని చూసింది. "అయ్యో, నాలిక గూడ!" చెంబుడు మజ్జిగతో పుక్కిలి పట్టించింది. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగింది.

"కోడలొచ్చిన వేళ, గొడ్డొచ్చిన వేళ అంటరు. గొడ్డు మంచిగనే పాలిస్తున్నది. కోడలే మామకు రంగేసింది! ఆకుల ఏం గలిపినవ్? పుట్టింటికి పొమ్మంటె పోకపోతివి, గిందుకేనా? ఫోన్ జేసి తమ్మున్ని రమ్మను. గా సంచి ఇంకా సదిరే ఉన్నది!"

ఉంది మరి. నేను సర్దిన సంచి చిలక్కొయ్యకు వేలాడుతూనే ఉంది. నేను కోరుకున్నది కాళ్ల దగ్గరికి వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారట. నేను రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాను.

"నాదే తప్పు అత్తా," అంది చిన్నమ్మ. "గునుగుకు రంగేసుకుంట చూసుకోలే. నీళ్లు గలిసినయ్."

నేను నోరు తెరిచాను. ఏ కథలోనూ మారుతల్లి ఇట్లా చెయ్యదు. నాకు చెప్పిన కథలన్నీ ఒక్క దెబ్బకు పనికిరాకుండా పోయాయి. ఆమె ఇప్పుడు పోతే రేపటి నుంచి నేను ఎవరిని కనిపెట్టుకుని కూర్చోవాలి? ఈ మాట నవ్వుతూ చెబుతున్నాను గాని, అప్పుడు నాకు నవ్వు రాలేదు.

"అబద్ధం! ఆమె గాదు, నేనే వోసిన!" అని మోచేతుల దాకా గులాబీగా ఉన్న రెండు చేతులూ ముందుకు చాపాను.

"బకెట్ల ఎందుకు వోసినవే, పాడుదానా?"

"కుడితి అనుకున్న. బర్రె గులాబీ పాలు ఇస్తదేమోనని..."

ముందుగా నవ్వింది తాతే. గులాబీ మీసం కింద బోసినోరు తెరుచుకునేసరికి నాయినమ్మ పట్టుకోలేక అరుగు మీద కూలబడింది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగుకూ రంగు అంటింది.

"అమ్మ అడుగుకు గులాబీ గునుగే పేరుస్తుండె," అన్నాను, ఈసారి ఎవరూ అడగకుండానే. "మీద తంగేడు."

"మరి దాని మీద?"

"గది యాదికి లేదు."

"అయితే ఆడ నేను బంతిపూలు పెడ్తా. మంచిదేనా?"

మంచిదే అన్నాను. ఆ బతుకమ్మ అమ్మదీ చిన్నమ్మదీ కలిసి కొంచెం ఒక పక్కకు ఒరిగింది గాని వాడకట్టులో అంత గులాబీ ఇంకెవరిదీ లేదు. ఆడవాళ్లు చుట్టూ మూగి, "గింత మంచి రంగు ఏడ దొరికింది?" అని అడిగితే నాయినమ్మ, "మా ముసలాయన మీసానికి ముందుగాల ఏసి జూసినం," అంది. తాతేమో ఆ చాటలోని బీడీలను పారేయనివ్వలేదు. పరువు ఎట్లాగూ పోయింది, పొగాకు ఎందుకు పోవాలని ఒక్కొక్కటే కాల్చేశాడు. పండుగ దాటినా ఆ మీసం తెల్లబడలేదు.

ఇప్పుడు నా అత్తిల్లు కామారెడ్డి. ఏటా బతుకమ్మకు నన్ను పుట్టింటికి పిలుచుకు పోవడానికి చిన్నమ్మే వస్తుంది. బస్సు కోసం ఆగదు. షేరింగ్ ఆటోలో మనిషి మీద మనిషి కూర్చున్నా, ముచ్చట్లు పెట్టుకుంటూ దర్జాగా వచ్చి దిగుతుంది. మొన్నొక ఏడు అడిగాను.

"చిన్నమ్మా, ఆటోల కడుపుల తిప్పుతలేదా?"

"నాకెప్పుడు తిప్పింది బిడ్డా?" అంది.

కాబట్టి గౌరమ్మ సాక్షిగా, మా బర్రె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పట్టా ఎత్తి లోపలేముందో చూడనిదే ఏ బకెట్‌లోనూ చుక్క రంగు పొయ్యను. వాళ్లు అడగనిదే ఇంకొకరి సంచి సర్దను. నా సంచి మాత్రం, చిన్నమ్మ వస్తుందని తెలిస్తే చాలు, ముందురోజే సర్ది గుమ్మంలో పెట్టుకుంటాను.